పుక్కిలించని నోరు

అనగనగా ఒక ఊరమ్మా. ఇటు చోడి చేలు, అదేనమ్మా రాగి చేలు, అటు కొండ. కొండంటే మన సినిమా హాలు వెనకాల గుట్టలాంటిది కాదు. పొద్దున్న పూట దాని నెత్తి కనపడేది కాదు, మంచు కప్పుకుని కూర్చునేది.

ఆ కొండకి ఒక గుణముంది. ఏ కొండ ముందు నిలబడి పిలిచినా మన పిలుపు మనకి తిరిగొస్తుంది కదా. ఆ కొండ తిరిగి ఇచ్చేది కాదు. ఎంత గట్టిగా అరిచినా మింగేసి ఊరుకునేది.

దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఇవాళ మీ బళ్ళో డ్రమ్ములు వాయించిన పిల్లల్ని చూసి మీరంతా హో అని అరిచారట కదా. ఎదురింటి హారిక ఏడ్చుకుంటూ వచ్చిందని వాళ్ళమ్మ చెప్పింది. రోజూ ఈ వేళకి టకటకమని డబ్బా మీద కొట్టుకునే పిల్ల, ఇవాళ ఆ ఇంట్లో చప్పుడు లేదు. నువ్వు అరిచావో లేదో నేను అడగనులే. కథ విను.

ఆ ఊరికి చోడి పంటే ఆధారం. గింజ పాలు పట్టే వేళకి పిచ్చుకలు గుంపులు గుంపులుగా దిగేవి. సందేళయితే అడవి పందులు. అప్పుడు ఊరంతా మంచెలెక్కి కేక వేసేవాళ్ళు. హోహోయ్... అని. దాన్ని తరుముడు కేక అనేవాళ్ళు. అది తగిలిందంటే పిట్టయినా పందయినా వెనక్కి చూడకుండా కొండకి పోవలసిందే.

అందుకని ఆ ఊళ్ళో ఒక కట్టడి ఉండేది. చేల నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో పొలిమేర రాయి, దాని పక్కన ఒక నీళ్ళ కుండ. చేలో కేక వేసినవాళ్ళు ఎవరైనా సరే, ఆ నీళ్ళతో నోరు పుక్కిలించి, కొండవైపుకి ఉమ్మేసి, అప్పుడే ఊళ్ళో అడుగుపెట్టాలి. ఊళ్ళో పసిపిల్లలుంటారు, పాలిచ్చే ఆవులుంటాయి. తరుముడు కేక నోట్లో పెట్టుకుని వస్తే ఎవరికి తగులుతుందో అని భయం.

ఆ ఊళ్ళో తవిటమ్మ అని ఒకావిడ. ఆమె కంటే ముందు పుట్టినవాళ్ళు బతకలేదని, ఈమెని పుట్టగానే చేటెడు తవుడికి ఇచ్చేసినట్టు ఇచ్చి మళ్ళీ తెచ్చుకున్నారు. అందుకని ఆ పేరు. తవిటమ్మది ఊరు మొత్తానికీ పెద్ద గొంతు. ఆమె మంచెక్కి ఒక్క కేక వేస్తే చుట్టుపక్కల చేలవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. మెడ కొంచెం ఎత్తి నడిచేది. పెళ్ళయిన చాలా ఏళ్ళకి ఆ ఏడే కడుపు పండింది.

అదే ఏడు వేసంగిలో ఊరి డప్పు వాయించే ముసలాయన పోయాడు. డప్పు లేకుండా అమ్మవారి ఘటం ఊరు తిరగకూడదు. అప్పుడు గొర్రెలు కాసే సింహాలు అనే ఆయన, గానుగాయన, కుండలు చేసే ఆయన, ముగ్గురూ "మేం నేర్చుకుంటాం" అన్నారు.

నేర్పేవాళ్ళు ఎవరున్నారు? ముసలాయన వాయిస్తుంటే విన్న గుర్తే వాళ్ళకి గురువు. గొర్రెల దొడ్డి వెనకాల, ఎవరికీ వినపడకుండా కొట్టుకునేవాళ్ళు. సింహాలయితే మరీ సిగ్గరి. పెళ్ళాం గౌరి దొడ్డి పక్కకి వచ్చి నిలబడినా చేతులు ఆగిపోయేవి.

ఆ తర్వాత కొత్త చోడి అంబలి పండగ వచ్చింది. సందేళకి డప్పుల ఆట ఉందని చేలల్లో వాళ్ళందరికీ తెలిసింది. మంచెలు దిగి పరుగే పరుగు. అందరికంటే ముందు తవిటమ్మ, నిండు కడుపుతో. పొలిమేర రాయి దగ్గర వెనకాల చెల్లెలి వరస ఎవరో "అప్పా, నోరు పుక్కిలించవా?" అన్నారు.

"ఆట అయిపోతాది. ఒక్క పూటకేటవుతాదే!" అని దాటేసింది తవిటమ్మ.

ముందు వెళ్ళేది ఆగకపోతే వెనకాల వాళ్ళు ఆగుతారా? ఎవరూ ఆగలేదు. కుండలో నీళ్ళు కదలకుండా అలాగే ఉండిపోయాయి.

ఊరి మధ్యలో గడ్డి మంట వేసి డప్పులు కాస్తున్నారు. సెగ తగిలితే తోలు బిగుస్తుంది, మోత వస్తుంది. కుండలాయన అలవాటు కొద్దీ కుండ కాల్చినంత సేపు కాచేశాడు. సింహాలు తోలు కాలిపోతుందేమోనని భయపడి చాలినంత కాచలేదు. ఒక డప్పు కీచుమంటోంది, ఒకటి తడిగుడ్డలా తపుక్కుమంటోంది. అలాగే మొదలెట్టారు. గానుగాయన ముందు, మిగిలినవాళ్ళు వెనక.

ఆ వాయింపులో ఒక మలుపుంది. అక్కడ ఒక దెబ్బ ఆపి, రెండు దెబ్బలు గబగబా వెయ్యాలి. సింహాలు అక్కడికొచ్చి తడబడ్డాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. మళ్ళీ అక్కడే తడబడ్డాడు.

"ఏటి సింహాలూ, డప్పు కొడతన్నావా, దోమలు కొడతన్నావా?" అన్నాడొకడు.

"నీ గొర్రెలు ఇన్నాయంటే కంచె దూకి పారిపోతాయిరా!" అన్నాడింకొకడు.

నవ్వులు. సింహాలు తల వంచుకున్నాడు కానీ చెయ్యి ఆపలేదు. మూడోసారి ఆ మలుపు దగ్గరికి వస్తున్నాడు. అప్పుడు తవిటమ్మ సరదాకి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కేక వేసింది.

హోహోయ్...

ఆమె వెయ్యగానే ఊరంతా వేసింది. చేలల్లో వేసే కేకే. పిట్టల్ని తరిమే కేకే.

గాలి లేదమ్మా. ఆకు కదలడం లేదు. అయినా గడ్డి మంట మొత్తం ఒక్కసారి కొండవైపుకి వంగింది. వంగి, మళ్ళీ నిలబడింది. డప్పులు ఆగిపోయాయి. సిగ్గుపడి ఆపేశారనుకుని జనం ఇంకా నవ్వారు.

ఆపలేదు. మంత్రసాని పోలమ్మ ఒక్కతే చూసింది. ముగ్గురి చేతులూ డప్పుల మీద పడుతూనే ఉన్నాయి. మోత లేదు.

ఆ ఏడు ఘటం నిశ్శబ్దంగా ఊరు తిరిగింది. సింహాలు ఇంటికెళ్ళి డప్పు చూరుకి తగిలించాడు.

మర్నాడు సందేళ తవిటమ్మ గుమ్మంలో కూర్చుని చేటతో చోళ్ళు చెరుగుతోంది. అప్పుడు కొండ మీద నుంచి డప్పు వినపడింది. తపుక్, తపుక్... మలుపు దగ్గరికొచ్చి తడబడింది. మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ అక్కడే తడబడింది. ఇదేమిటని ఆమె సింహాలు ఇంటివైపు చూసింది. డప్పు చూరుకే వేలాడుతోంది. సింహాలు అరుగు మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. అతనూ కొండనే చూస్తున్నాడు.

ఎప్పుడూ ఏదీ తిరిగి ఇవ్వని కొండ కదా. ఇప్పుడు సాయంత్రం అయితే చాలు, అదే వాయింపు, అదే తప్పు. ఊళ్ళో ఎవరూ నవ్వలేదు. తలుపులు తొందరగా వేసుకోవడం మొదలెట్టారు.

దగ్గరికి జరుగు. భయమేం లేదు, నేనున్నాను.

మొదట డప్పు పోయిందా. ఆ తర్వాత రోకలి చప్పుడు పోయింది. దంచుతుంటే రోకలి పడుతుంది, గింజ నలుగుతుంది, చప్పుడు మాత్రం కొండ మీద. ఆ తర్వాత కోడి పుంజు మెడ సాచి నోరు తెరుస్తుంది, కూత ఉండదు. కొంత సేపటికి కొండ మీద కూస్తుంది. డప్పు పోయిన దారిన ఒక్కొక్కటీ పోతున్నాయి. మందలో ఒక గొర్రె గట్టు దిగితే మిగతావి దిగవూ, అలాగ.

అప్పుడు తవిటమ్మకి నొప్పులొచ్చాయి. మంచు దట్టంగా పట్టిన పొద్దున్న ఆడపిల్ల పుట్టింది. పోలమ్మ బొడ్డు కోసింది, వీపు మీద తట్టింది. పిల్ల ముఖం ఎర్రగా చేసుకుని, పిడికిళ్ళు బిగించి, నోరంతా తెరిచింది.

ఏడుపు లేదు.

పోలమ్మ మళ్ళీ తట్టింది. అప్పుడు వినపడింది. సన్నగా, దూరంగా, క్యారుమని. కిటికీలోంచి. కొండ మీద నుంచి.

తవిటమ్మ పిల్లని గుండెకి అదుముకుంది. పిల్ల నోరు ఇక్కడ, ఏడుపు అక్కడ. ఆకలేసి ఏడిస్తే కొండ ఏడుస్తుంది. పాలు పడితే అక్కడ ఏడుపు ఆగుతుంది. నాలుగు గుక్కలు తాగేసరికి పిల్ల డస్సిపోయి వదిలేస్తోంది. చేతులు సన్నబడిపోతున్నాయి.

"ఏడిస్తేనే ఊపిరి తెరుచుకునీది, పాలు ఒంటికి పట్టీది," అంది పోలమ్మ. "ఉయ్యాల్లో ఏసీలోపు ఆ ఏడుపు ఎనక్కి రావాల. రాకపోతే పిల్ల దాని దగ్గరికెల్లిపోతాది."

తవిటమ్మ ఇంక ఆగుతుందా? పచ్చి బాలెంతరాలు, తలకి గుడ్డ చుట్టుకుని, మంచులో కొండ దారి పట్టింది. ఏడుపు పైన ఎక్కడో రాళ్ళ మధ్య వినపడుతోంది. "రా నా తల్లీ, రా" అని పిలిచింది. ఏడుపు కొంచెం దూరం జరిగింది. ఇంకా గట్టిగా పిలిచింది. ఇంకా దూరం జరిగింది. గొంతు చించుకుని పిలిచేసరికి అది కొండ నెత్తికి పోయింది, వినపడీ వినపడకుండా.

అప్పుడు తెలిసింది ఆమెకి. ఆ నోటితో ఏది పిలిచినా తరిమినట్టే ఉంది. నోరు మూసుకుని, చీర చెంగు నోట్లో కుక్కుకుని దిగొచ్చింది.

రెండోసారి మొగుడు వెళ్ళి పక్క ఊరి డప్పుల వాళ్ళని పిలుచుకొచ్చాడు. తాతల నాటి నుంచి వాయించేవాళ్ళు. పొలిమేర దగ్గర నిలబడి వాయిస్తే చేలల్లో చోడి కంకులు ఊగాయి. ఒక్క దెబ్బ తప్పలేదు. కొండ మీద డప్పు ఠక్కున ఆగింది. ఏడుపు ఆగింది. అన్నీ చెవులొగ్గి వింటున్నట్టు ఆగాయి. అందరూ ఊపిరి బిగబట్టారు.

ఆ తర్వాత, కొండ మీద డప్పు చిన్నగా ఒక్క దెబ్బ వేసింది. సిగ్గుపడ్డ మనిషి గొంతు సవరించుకున్నట్టు. అంతే. కొండ అవతలికి వెళ్ళిపోయింది. దాని వెనకాలే మిగతావన్నీ. ఆ సాయంత్రం ఊరికి ఏమీ వినపడలేదు. పసిదాని ఏడుపు కూడా.

"బాగా వాయించినోలని పిలిస్తే అదెలా వస్తాదే?" అంది పోలమ్మ. "మీరు తరిమింది దీన్ని. సరిగ్గా రానిదాన్ని. దాన్నే పిలవాల."

తవిటమ్మ పిల్లని ఎత్తుకుని సింహాలు ఇంటికెళ్ళింది. గౌరి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అప్పుడు తరిమీసి, ఇప్పుడు పిలవడానికొచ్చావా వొదినా? ఈ మడిసి ఆ రోజు నుంచి సరిగ్గా అన్నం తిన్నాడేమో నన్నడుగు. గొర్రెల్ని కూడా కేకెయ్యడం నేదు, చేతులు చరుస్తన్నాడు. బాగో నేదని చెప్పకూడదా? చెప్పు. పక్కన కూకుని చెప్పు. పందిని తరిమినట్టు తరుముతావేటి?"

తవిటమ్మకి మాట్లాడటానికి భయం. పిల్లని ముందుకి చాపింది. పిల్ల నోరు తెరిచి ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. గౌరి అది చూసింది. చూసి పక్కకి జరిగింది.

లోపల సింహాలు గోడ వైపు తిరిగి ఉన్నాడు. "నాకు రాదప్పా," అన్నాడు. "మళ్ళీ అక్కడే తప్పుతాను. నాకు తెలుసు."

తవిటమ్మ తలూపింది, తప్పినా పరవాలేదన్నట్టు. అతను కొంచెం సేపు పిల్ల చేతుల వంక చూసి, లేచి చూరులోంచి డప్పు తీశాడు.

ఆ సాయంత్రం ఊరంతా పొలిమేర దగ్గరికెళ్ళింది. ఇప్పుడు ఒక్కరూ దాటెయ్యలేదు. అందరూ పుక్కిలించి ఉమ్మారు. తవిటమ్మ మాత్రం పుక్కిలించి, మళ్ళీ నోటినిండా నీళ్ళు పట్టి, పెదాలు బిగించుకుంది. తన నోటిని తను నమ్మలేదు మరి. బుగ్గలు పొంగించుకుని అలాగే వచ్చి ముందు వరుసలో కూర్చుంది, ఒళ్ళో పిల్లని పెట్టుకుని.

ముగ్గురూ మంట దగ్గర డప్పులు కాచారు. వాయించడం మొదలెట్టారు. ఏమీ వినపడదు. చేతులు పడుతున్నాయి, లేస్తున్నాయి. కుండలాయన నుదుటి మీద చెమట. ఊరు కూర్చుని ఆ లేని మోతని వింటోంది. మంట చిటపటమనడం లేదు. ఎవరైనా దగ్గినా నోరు కదలడమే, దగ్గు వినపడడం లేదు. అది చూడు తల్లీ, ఎంతమంది ఉన్నా ఎవరూ లేనట్టు.

చాలా సేపటికి, కొండ అవతల నుంచి ఒక్క దెబ్బ. తపుక్.

ఎవరూ కదల్లేదు. ఇంకో దెబ్బ, కొండ ఇవతల. ఆ తర్వాత చేలల్లో. మనిషి లేడు, గాలి లేదు. చోడి కంకులు మాత్రం వరసగా వంగుతున్నాయి, ఎవరో నడిచొస్తున్నట్టు. పొలిమేర రాయి దగ్గర ఆగింది. కుండలో నీళ్ళు తొణికాయి. ఆ తర్వాత ఊళ్ళోకి వచ్చింది. మనుషుల మధ్య నుంచి చల్లగా రాసుకుంటూ వెళ్ళింది. మొదట రోకలి చప్పుడొచ్చి దూరింది. ఎవరిదో దొడ్లో కోడి కూసింది. ఆ తర్వాత గానుగాయన డప్పు మోగింది, కుండలాయనది మోగింది.

సింహాలు డప్పు కూడా మోగింది. అదే తడిగుడ్డ మోత. వాయిస్తూ వాయిస్తూ ఆ మలుపు దగ్గరికొచ్చాడు.

తడబడ్డాడు.

చెయ్యి ఆగిపోయింది. అందరి వంకా చూశాడు. డప్పు కింద పెట్టడానికి వంగాడు. మంట కొండవైపుకి కొంచెం వాలింది. పిల్ల ఏడుపు ఇంకా రాలేదమ్మా. అది పొలిమేర రాయి అవతలే ఉంది, సన్నగా వినపడుతోంది, వెనక్కి జరుగుతోంది.

తవిటమ్మ ఏం చేస్తుంది? నోట్లో నీళ్ళు. మాట్లాడకూడదు. పిల్ల వీపు మీద చేత్తో తట్టింది. అతను ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి, ఆమెకి చేతనైనట్టు. ఆమెకీ తప్పే వచ్చింది. మళ్ళీ తట్టింది. పక్కన గౌరి తన తొడ మీద తట్టింది. పోలమ్మ నేల మీద తట్టింది. ఆ తర్వాత ఊరంతా తట్టింది, ఒకరిది ముందు, ఒకరిది వెనక, అందరిదీ తప్పు.

సింహాలు నడుం ఎత్తాడు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

ఈసారి ఆ మలుపు సరిగ్గా వాయించాడా అంటావా? లేదు. మళ్ళీ తప్పాడు. కానీ ఆగలేదు. తప్పు మీదుగా నడిచి అవతలికి పోయాడు. అంతే, తవిటమ్మ ఒడిలోకి ఏదో చల్లగా వచ్చి పడ్డట్టయ్యింది. పిల్ల ఒళ్ళు జలదరించింది. క్యారుమంది!

ఓలమ్మో, ఏం ఏడుపనుకున్నావు. తల్లి గొంతే వచ్చింది దానికి. మధ్యలో ఒక చోట గుక్క ఆగి, రెండు వెక్కిళ్ళు గబగబా. సింహాలు తడబడే చోటులాగే.

ఆట ముగిశాక తవిటమ్మ లేచి, నోట్లో నీళ్ళు అలాగే పట్టుకుని పొలిమేర దాకా నడిచింది. కొండవైపుకి ఉమ్మేసింది. వాటితో పాటు ఆమె తరుముడు కేక కూడా పోయింది. ఆ తర్వాత ఆమె మంచెక్కి ఎంత అరిచినా ఒక్క పిచ్చుక లేవలేదు. సింహాలే వెళ్ళి ఆమె మంచె మీద కూర్చుని డప్పు సాధన చేసుకునేవాడు. ఆ తప్పు దెబ్బకి పిచ్చుకలు ఉలిక్కిపడి లేచేవి. ఆమె కేక మాత్రం ఇప్పటికీ కొండ మీదే ఉందట. మంచు దిగిన సాయంత్రాల్లో హోహోయ్ అని, ఎవర్ని తరమాలో తెలియనట్టు, అటూ ఇటూ తిరుగుతుందట.

ఏమిటీ? ఆ పిల్ల పెద్దయ్యాక డప్పు నేర్చుకుందా అనా? నేర్చుకుంది. మొదటిసారి పండగలో వాయించిన రోజు తనూ అక్కడే తడబడింది. ఊరంతా ఏం చేసిందో తెలుసా? నోటినిండా నీళ్ళు పట్టుకుని, బుగ్గలు పొంగించుకుని కూర్చుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు ఎవరు వాయించినా ఆ ఊళ్ళో అలాగే కూర్చుంటారు. ఆట అయ్యాక నీళ్ళు ఉమ్మేసి, పక్కన చేరి, ఎక్కడ తప్పిందో అప్పుడు చెప్తారు.

ఏమే, ఎక్కడికి లేస్తున్నావు? మంచినీళ్ళా?

కాదా. సరే, దొడ్లో నీళ్ళ గాబు దగ్గరుంది చెంబు. చీకటని భయపడకు, తలుపు తీసే ఉంచుతాను. బాగా పుక్కిలించి రా.

వచ్చావా. చేతులు చల్లగా అయిపోయాయి, ఇలా ఇవ్వు. ఇప్పుడు మాట్లాడకుండా విను. ఎదురింటి వైపు.

ఇంకొంచెం సేపు.

టక్... టక్...

ఆఁ. తప్పిందిలే. మళ్ళీ కొడుతుంది చూడు.

కేక వెళ్ళె కొండకి,
డప్పు వచ్చె ఇంటికి,
కథ వెళ్ళె కంచికి,
నిద్ర వచ్చె కంటికి.